పుంజు వీర్యం ఫ్రిజ్‌లో దాస్తే పిల్లలొస్తాయా?

పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

మామూలుగా కోళ్ల మీద వచ్చే ప్రశ్నల్లో సగం కొక్కెర తెగులు గురించే ఉంటాయి. ఈసారి మాత్రం పుంజు వీర్యం తీయడం, నిలవ పెట్టడం, ఊరు దాటించడం మీద వరసగా వచ్చాయి. ఒకే విషయం కాబట్టి అన్నీ ఒకచోట పెట్టి జవాబిస్తున్నాను. పందేల సంగతి ఎవరూ అడగొద్దు, అది చట్టం ఒప్పుకోని పని, నేను జాతి పెంపకం వరకే మాట్లాడతాను.

ప్ర: డాక్టరు గారికి నమస్కారం. నా దగ్గర ఐదేళ్ల డేగ పుంజు ఉంది. దాని పిల్లలన్నీ మంచి ఎముక, మంచి ఎత్తు. ఇంకెన్నాళ్లు బతుకుతుందో తెలియదు. మా ఊరి గోపాలమిత్ర (పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే ఆయన) దగ్గర ద్రవ నైట్రోజన్ క్యాన్ ఉంది కదా, అందులో ఆబోతు వీర్యం నింపిన స్ట్రాల పక్కన మా పుంజు వీర్యం కూడా పెట్టించుకుందామని వెళ్తే ఆయన నవ్వి పంపించేశాడు. కనీసం ఇంట్లో డీప్ ఫ్రిజ్‌లో పెడితే పుంజు పోయాక పిల్లలు తీయొచ్చా? (భీమవరం దగ్గర నుంచి ఒక పాఠకుడు)

జ: ఆయన నవ్వకుండా ఉండాల్సింది, మీరు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. గేదెకి పనిచేసేది కోడికి ఎందుకు పనిచేయదు అన్నది నిజంగా మంచి ప్రశ్న.

ముందు ఇంటి డీప్ ఫ్రిజ్ సంగతి తేల్చేద్దాం. మైనస్ 18 డిగ్రీల దగ్గర వీర్యంలోని నీరు గడ్డకట్టి, ఆ మంచు పలుకులు కణాల పొరల్ని చీల్చేస్తాయి. తీసి కరిగించాక తెల్లటి ద్రవం అలాగే కనిపిస్తుంది కానీ సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్క కణం కదలదు. ఒక్కరోజు పెట్టినా అంతే, ఏడాది పెట్టినా అంతే. కింది అరలో, అంటే 4, 5 డిగ్రీల దగ్గర పెడితే చచ్చిపోవు కానీ, ఏమీ కలపకుండా పెడితే కొద్ది గంటల్లోనే పనికిరాకుండా పోతాయి. ఎందుకంటే పుంజు వీర్యం చాలా చిక్కన. ఒక మిల్లీలీటరులో 300 కోట్ల నుంచి 700 కోట్ల దాకా కణాలుంటాయి. అన్ని కణాలు అంత తక్కువ ద్రవంలో ఉన్న పోషకాన్ని వాడేసుకుని, ఆమ్లం తయారుచేసుకుని, అందులోనే నీరసించిపోతాయి.

ఇక నైట్రోజన్ క్యాన్. అందులో మైనస్ 196 డిగ్రీలు. అక్కడ ఏ జీవకణమైనా ఎన్నేళ్లయినా ఉంటుంది. చిక్కు అక్కడ ఉండటంలో లేదు, అక్కడికి దిగడంలోనూ తిరిగి పైకి రావడంలోనూ ఉంది. ఆబోతు వీర్యకణానికి తల చదునుగా, వెడల్పుగా ఉంటుంది. పుంజు కణం నూలుపోగులా సన్నగా, పొడుగ్గా ఉంటుంది, తలకీ తోకకీ పెద్ద తేడా కనిపించదు, లోపల చోటు చాలా తక్కువ. గడ్డకట్టేటప్పుడు కణంలోంచి నీరు బయటికి పోవాలి, దాని బదులు కణాన్ని కాపాడే రసాయనం లోపలికి వెళ్లాలి. ఈ మార్పిడి జరిగేటప్పుడే పుంజు కణాల్లో చాలా వాటి పొర దెబ్బతింటుంది, తోకలు వంకర పోతాయి.

సరే, సగం బతికాయనుకుందాం, అవి చాలవా అంటారు. ఆవులో అయితే చాలు. ఆవు ఎదకొచ్చిన సమయం చూసి నేరుగా గర్భసంచి ముఖం లోపల వదులుతారు, అండం కొద్ది గంటల్లో వస్తుంది, కణం ఒక్కరోజు బతికితే పని అయిపోతుంది. పెట్ట అలా కాదు. అది దాదాపు రోజూ ఒక అండం వదులుతుంది, ప్రతి అండానికీ కొత్త కణాలు కావాలి. అందుకని గుడ్డు సంచికీ బయటి గొట్టానికీ మధ్య ఉన్న చోట, కంటికి కనపడనంత చిన్న గొట్టాలుంటాయి, వాటిలో వీర్యకణాల్ని రెండు మూడు వారాల పాటు దాచుకుని రోజుకి కొన్ని చొప్పున వదులుతుంది. ఆ గొట్టాల దాకా ఈదుకుంటూ వెళ్లగలిగేవి పెట్టిన వాటిలో చాలా కొద్ది శాతం. మంచులోంచి లేచి వచ్చిన కణం కదులుతున్నట్టు కనిపించినా ఆ పరీక్షలో నెగ్గలేదు, నెగ్గినా అన్ని రోజులు ఉండలేదు. అందుకే గడ్డకట్టించిన పుంజు వీర్యంతో ఫలితం ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి సున్నా. జాతిని బట్టి మారుతుంది, ఒకే జాతిలో పుంజుని బట్టి కూడా మారుతుంది.

మరో మాట. గేదె స్ట్రాలో రెండు కోట్ల కణాలుంటే సరిపోతాయి. తాజా పుంజు వీర్యమైతే ఒక్కో పెట్టకి 10 నుంచి 20 కోట్లు. గడ్డకట్టించినదైతే అంతకు రెట్టింపో ఇంకా ఎక్కువో పెట్టాలి, అదీ వారానికి రెండుసార్లు. మీ డేగ ఒకసారికి ఇచ్చేది 0.2 నుంచి 0.5 మిల్లీలీటర్లు. లెక్క వేసుకోండి, ఒక పెట్టకి ఒక విడత గుడ్లు నిండటానికే (అంటే పిల్ల కట్టే గుడ్లు కావడానికే) ఎన్నిసార్లు తీయాలో.

మీరు చేయగలిగింది, చేయాల్సింది వేరే ఉంది. ఐదేళ్ల పుంజు ఇంకా పెట్టల్ని తొక్కుతూనే ఉందంటే ఈ ఏడాదే దాని పిల్లల్ని ఎక్కువగా తీయండి, నాలుగైదు వేరు వేరు పెట్టల మీద. బరువు వల్లో కాళ్ల నొప్పి వల్లో సరిగ్గా తొక్కలేకపోతుంటే వీర్యం చేత్తో తీసి అప్పటికప్పుడే పెట్టలకి పెట్టండి. కొడుకుల్లో ఇద్దరినీ కూతుళ్లలో అరడజనునీ అమ్మకుండా ఉంచుకోండి. నైట్రోజన్ క్యాన్ కన్నా మీ దొడ్డే భద్రం.

ప్ర: వీడియోలు చూసి పుంజు దగ్గర వీర్యం తీయడానికి ప్రయత్నించాను. ఒకసారి రెట్ట వచ్చింది, ఒకసారి నీళ్లలాంటిది వచ్చింది, ఒకసారి కొంచెం ఎర్రగా కూడా వచ్చింది. పుంజు కూడా నన్ను చూస్తే పారిపోతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. (సిద్దిపేట)

జ: ఎర్రగా వచ్చిందంటే గట్టిగా నొక్కారు. వారం పది రోజులు దాన్ని వదిలేయండి.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1930ల్లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బరోస్, క్విన్ అనే ఇద్దరు దీన్ని ఒక పద్ధతిగా రాసి పెట్టారు, ఇప్పటికీ ప్రపంచమంతా అదే చేస్తోంది. బలం కన్నా వరస ముఖ్యం. ఇద్దరు ఉండాలి. ఒకరు కూర్చుని పుంజు కాళ్లు పట్టుకుని, రొమ్ము తన తొడ మీద ఆనేలా, తోక రెండో మనిషి వైపు ఉండేలా పెట్టుకోవాలి. రెండో మనిషి ఎడమ అరచేత్తో రెక్కల మొదలు నుంచి తోక దాకా వీపు మీద కొంచెం గట్టిగా, గబగబా నాలుగైదుసార్లు నిమరాలి. పుంజుకి ఒప్పుదల ఉంటే తోక దానంతట అదే లేస్తుంది, రెట్ట ద్వారం ఉబ్బి, లోపలి గులాబీ రంగు కండ కొంచెం బయటికి తిరుగుతుంది. ఆ క్షణంలోనే ఎడమ చేత్తో తోకని వీపు మీదకి ఎత్తిపట్టి, అదే చేతి బొటనవేలు, చూపుడువేలు ద్వారానికి రెండు పక్కలా కాస్త పైన ఆనించి, కుడి చేత్తో కింద కటి ఎముకల దిగువన మెత్తటి పొట్టని రెండు మూడుసార్లు కదిలించి, పైన వేళ్లతో మెల్లగా పిండాలి. అప్పుడు చిక్కటి మీగడ రంగు చుక్క ఒకటి ఆ కండ మీదకి జారుతుంది. చిన్న గాజు గ్లాసుతోనో సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితోనో దాన్ని అందుకోవాలి. మొత్తం అర నిమిషం కూడా పట్టదు. పట్టిందంటే ఆ రోజుకి వదిలేయడమే మంచిది, ఎంత నొక్కితే అంత నీళ్లు వస్తాయి.

మీరు చూసిన నీళ్లు అదే. ఆ కండలోంచి ఊరే పల్చటి ద్రవం అది, వీర్యం కాదు. అది ఎక్కువగా కలిస్తే కణాలు ఎక్కువసేపు ఉండవు కూడా. రెట్ట రాకూడదంటే తీసే ముందు ఐదారు గంటలు మేత ఆపండి (నీళ్లు ఆపకండి), ద్వారం చుట్టూ ఈకలు కత్తిరించండి. సుద్దలా తెల్లటి పలుకులు కనిపిస్తే అది మూత్రం తాలూకు పదార్థం. పసుపు పచ్చ, ఆకుపచ్చ ఏది కలిసినా ఆ విడత పారబోయండి, కడిగి వాడదాం అనుకోకండి.

పుంజుకి అలవాటు చేయాలి, అదే మనిషి, అదే వేళ, అదే చోటు. పెట్టల నుంచి విడిగా ఉంచాలి. కొన్ని విడతలకి అది మీ చెయ్యి వీపు మీద పడగానే తోక ఎత్తేస్తుంది. కొన్ని పుంజులు ఎంత చేసినా లొంగవు, వాటి జోలికి వెళ్లకండి.

సిరంజి, గ్లాసు ఎండిపోయి ఉండాలి. నీళ్లతో కడిగి దులిపి వాడేస్తారు చాలామంది. లోపల మిగిలిన రెండు చుక్కల మంచినీళ్లు చాలు, కణాలు ఆ నీటిని పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి.

ప్ర: మాది చిత్తూరు జిల్లా. తెలిసినాయన దగ్గర మంచి ఘాగస్ పుంజు ఉంది, బైకు మీద రెండు గంటల దూరం. వీర్యం ఐసులో పెట్టుకుని తెచ్చుకోవచ్చా? ఎంతసేపు ఆగుతుంది? ఏం కలపాలి?

జ: తెచ్చుకోవచ్చు. గడ్డకట్టించడం వేరు, చల్లబరచడం వేరు. ఈ రెండోది సరిగ్గా చేస్తే మన రైతుకి నిజంగా అందుబాటులో ఉన్న పని.

ఏమీ కలపకపోతే తీసిన అరగంట, మహా అయితే గంటలోపు పెట్టలకి పెట్టేయాలి. రెండు గంటల ప్రయాణం కాబట్టి పల్చన చేసే ద్రావణం తప్పదు. దీన్ని డైల్యూయెంట్ అంటారు. పుంజు వీర్యంలో సహజంగానే గ్లూటమేట్ అనే లవణం ఎక్కువ, కాబట్టి వీటన్నిటిలోనూ సోడియం గ్లూటమేట్, కొంచెం చక్కెర, ఆమ్లం పెరగకుండా ఆపే ఫాస్ఫేట్ లాంటివి ఉంటాయి. బెల్ట్స్‌విల్ పేరుతో ఒకటి, లేక్ పేరుతో ఒకటి బాగా వాడుకలో ఉన్నాయి. ఇంట్లో కలపడానికి కూర్చోకండి, గ్రాముల తూకం, పీహెచ్, గాఢత మూడూ సరిపోవాలి. పశువైద్య కళాశాల వాళ్లనో రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లనో అడిగి చూడండి. మెడికల్ షాపులో దొరికే సెలైన్, అదే 0.9 శాతం ఉప్పు నీరు, అప్పటికప్పుడు పెట్టడానికైతే ఫర్వాలేదు, నిలవకి మాత్రం వద్దు. గేదె వీర్యానికి వాడే గుడ్డు సొన ద్రావణం ఉంది కదా అని అది కూడా పోయకండి.

తీసిన పది పదిహేను నిమిషాల్లో, గది వేడిలోనే ఉన్న ద్రావణాన్ని ఒకటికి ఒకటో, ఒకటికి రెండో చొప్పున కలపండి. వీర్యంలోకి ద్రావణాన్ని చుక్క చుక్కగా గోడ వెంట జారనివ్వాలి, గిలక్కొట్టకూడదు. తర్వాత మెల్లగా 5 డిగ్రీలకి దించాలి. ఇక్కడే అందరూ పొరపడేది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు, అక్కడి నుంచి వచ్చినదాన్ని తిన్నగా ఐసు ముక్కల్లో గుచ్చితే ఆ దెబ్బకే సగం పోతాయి. కొక్కెర తెగులు టీకా తెచ్చే వ్యాక్సిన్ క్యారియర్ ఉంటుంది చూడండి, 2 నుంచి 8 డిగ్రీలు ఉంచేది, అది సరిగ్గా సరిపోతుంది. ఐసు ప్యాక్‌కి వార్తాపత్రిక రెండు మూడు పొరలు చుట్టి, ట్యూబుకి దూది చుట్టి, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి.

ట్యూబుని అంచుదాకా నింపొద్దు. పుంజు కణాలకి గాలి కావాలి. వెడల్పు ట్యూబులో అడుగున పల్చగా ఉండేలా పోసి, పైన ఖాళీ వదలండి, దారిలో ఒకసారి బండి ఆపి ట్యూబుని మెల్లగా తిప్పండి. ఇలా తెచ్చింది అదే రోజు వాడితే ఫలితం తాజాదానికి దగ్గరగా ఉంటుంది. 24 గంటలు దాటాక నమ్మకం పెట్టుకోవద్దు. వాడే ముందు వేడి నీళ్లలో పెట్టి వెచ్చబరచాల్సిన పని లేదు, చల్లగానే పెట్టేయొచ్చు.

ఇంతా చెప్పి ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. రెండు గంటల దూరమే కదా, రెండు పెట్టల్ని గంపలో పెట్టుకుని ఆయన దగ్గర ఐదారు రోజులు వదిలేస్తే? తిరిగొచ్చాక వారం పది రోజుల దాకా నిండు గుడ్లే పెడతాయి. వీర్యాన్ని నిలవ పెట్టే పని పెట్ట ఒంట్లోనే జరుగుతుంది, ద్రావణం లేదు, ఐసు లేదు. ఒక్కటే జాగ్రత్త, వెళ్లే ముందు టీకాలు అయి ఉండాలి, వచ్చాక రెండు వారాలు మిగతా కోళ్లలో కలపకూడదు. వెళ్లడానికి కనీసం మూడు వారాల ముందు నుంచీ మీ పుంజుల నుంచి కూడా దూరంగా ఉంచాలి, లేకపోతే పుట్టిన పిల్ల ఎవరిదో మీకే తెలియదు.

ప్ర: పెట్టకి వీర్యం పెట్టాక ఎన్నో రోజు గుడ్డు నుంచి పొదగేయొచ్చు?

జ: మర్నాటి గుడ్డు వదిలేయండి, ఆ మర్నాటి నుంచి ఏరండి. వారానికోసారి పెడుతూ ఉంటే చాలు, మొదటిసారి మాత్రం వరసగా రెండు రోజులు పెడితే మంచిది.

ప్ర: మేం ఉదయం పూట వీర్యం తీసి ఉదయమే పెట్టలకి పెట్టాం. ముప్పై గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెడితే ఏడో రోజు లైటు పెట్టి చూస్తే ఎక్కువ ఖాళీగా ఉన్నాయి. వీర్యం చెడిందా, మిషన్ చెడిందా? (ఖమ్మం)

జ: రెండూ కాకపోవచ్చు, వేళ చెడింది. ఉదయం పూట చాలా పెట్టల కడుపులో పెంకు గట్టిపడిన గుడ్డు అడ్డంగా ఉంటుంది. పెంకు తయారవడానికే దాదాపు 20 గంటలు పడుతుంది, అది బయటికి వచ్చేది పొద్దుటి నుంచి మధ్యాహ్నంలోపు. ఆ గుడ్డు ఉండగా పెట్టిన వీర్యం పైకి ఎక్కదు, గుడ్డు వచ్చేటప్పుడు దాంతోపాటు చాలామటుకు బయటికి వచ్చేస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

పెట్టే పద్ధతి కూడా ఒకసారి చూసుకోండి. పెట్ట పొట్టకి ఎడమ పక్కన మెల్లగా నొక్కితే ద్వారంలో ఎడమ వైపు గుడ్డు గొట్టం నోరు గుండ్రంగా బయటికి తిరుగుతుంది. కోడికి గుడ్డు గొట్టం ఎడమ వైపే ఉంటుంది, కుడి వైపు కనిపించేది పేగు. ఆ నోట్లోకి సిరంజిని రెండు మూడు సెంటీమీటర్లు పోనిచ్చి, పొట్ట మీద నొక్కడం వదిలేసిన తర్వాతే పిస్టన్ నొక్కాలి. నొక్కుతూనే వదిలితే అంతా వెనక్కి కక్కేస్తుంది. పల్చన చేయనిదైతే 0.05 మిల్లీలీటర్లు, చేసినదైతే 0.1. ఒక సిరంజి మొనతో అన్ని పెట్టలకీ పెట్టకండి, ఒకదాని రోగం అన్నిటికీ అంటుకుంటుంది.

ఏడు రోజులు ఆగి ముప్పై గుడ్లు పాడు చేసుకోకుండా తెలుసుకునే దారి ఇంకొకటుంది. ఆ రోజు పెట్టిన గుడ్లు రెండు మూడు పళ్లెంలో పగలగొట్టి పచ్చసొన మీద తెల్ల చుక్క చూడండి. నిండు గుడ్డులో ఆ చుక్క నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పుతో, గుండ్రంగా, అంచున తెల్లటి వలయం మధ్యలో కొంచెం పారదర్శకంగా ఉంటుంది. ఖాళీ గుడ్డులో చుక్క చిన్నగా, దట్టంగా, అంచు తిన్నగా లేకుండా ఉంటుంది. నాలుగు గుడ్లు చూస్తే కంటికి అలవాటు అవుతుంది, తర్వాత ఆమ్లెట్ వేసుకోవచ్చు. ఈ గుడ్లలో వలయం కనిపించి, మిషన్‌లో పిల్ల ఎదగకపోతే అప్పుడు మిషన్‌ని అనుమానించండి.

ప్ర: నేను పశువైద్య విద్యార్థిని. గడ్డకట్టేటప్పుడు కణాన్ని కాపాడే గ్లిజరాల్ అనే రసాయనం వల్లే వీర్యం గడ్డకట్టించడం సాధ్యమైందని, అదే గ్లిజరాల్ కోడికి పనికిరాదని రెండూ చదివాను. రెండూ ఎలా నిజం?

జ: రెండూ నిజమే అమ్మా, పైగా ఆ కథ మొదలైంది కోడితోనే.

1940ల చివర్లో లండన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పుంజు వీర్యాన్ని చక్కెర ద్రావణాల్లో గడ్డకట్టించి చూస్తున్నారు. ఏదీ పనిచేయలేదు. కొన్నాళ్లకి దాచిపెట్టిన సీసాల్లో ఒకదానితో చేస్తే కణాలు కరిగాక కదిలాయి. చక్కెర ద్రావణం అనుకున్నదాన్ని కొత్తగా కలిపి మళ్లీ చేస్తే ఏమీ లేదు. మిగిలిన కొద్దిపాటి ద్రవాన్ని పరీక్ష చేయిస్తే అందులో చక్కెర లేనేలేదు, గ్లిజరాల్, గుడ్డు తెల్లసొన ఉన్నాయి. స్లైడ్ల మీద కణజాలం ముక్కలు అతికించడానికి వాడే జిగురు అది. సీసా చీటీలు తారుమారయ్యాయి! 1949లో అది నేచర్ పత్రికలో వచ్చింది. తర్వాత రెండు మూడేళ్లలో గ్లిజరాల్‌తో గడ్డకట్టించిన ఆబోతు వీర్యంతో దూడలు పుట్టాయి, ఈ రోజు మన గోపాలమిత్ర చేతిలో ఉన్న స్ట్రా అక్కడి నుంచి వచ్చిందే.

కోడి దగ్గర మాత్రం అడ్డం తిరిగింది. గ్లిజరాల్‌తో ఉన్న వీర్యం సూక్ష్మదర్శిని కింద బాగానే కదులుతుంది, పెట్టకి పెడితే గుడ్డు నిండదు. రెండు శాతం ఉన్నా దెబ్బే. ఇందాక చెప్పిన ఆ దాచుకునే గొట్టాల్లోకి కణాలు చేరకుండా అది అడ్డుపడుతుంది. గ్లిజరాల్‌ని తీసేశాక పెడితే పిల్లలు వచ్చాయని పోల్జ్ 1951లోనే చూపించాడు. కరిగించిన తర్వాత చల్లగా ఉంచే, మెట్లు మెట్లుగా పల్చన చేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గ్లిజరాల్ పోగొట్టి, మళ్లీ కొత్త ద్రావణం పోసి పెట్టాలి. ప్రయోగశాలలో చేయొచ్చు, కోళ్ల షెడ్డులో ఎవరు చేస్తారు?

అందుకని గ్లిజరాల్ బదులు డీఎంఏ అనే డైమిథైల్ అసిటమైడ్, డీఎంఎస్‌ఓ, ఇథిలీన్ గ్లైకాల్ వాడి చూశారు. డీఎంఏ అయితే కడిగే పని లేదు. వీర్యాన్ని చుక్కలు చుక్కలుగా నేరుగా ద్రవ నత్రజనిలో వదిలి గోళీలుగా చేసి, 60 డిగ్రీల వేడి మీద క్షణాల్లో కరిగించే పద్ధతి దీంతో బాగా పనిచేస్తుంది. కానీ గోళీ మీద పేరు రాయలేం, ఏ పుంజుదో కలిసిపోతే అంతే సంగతులు. జపాన్ వాళ్లు మిథైల్ అసిటమైడ్ అనే దాని బంధువుతో స్ట్రాలలో చేస్తున్నారు. మన రాజేంద్రనగర్‌లో కూడా ఘాగస్, నికోబారీ పుంజుల మీద ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. ప్రాజెక్టు చేయాలనుంటే ఆ పత్రాలు చదవడంతో మొదలుపెట్టు. ఒక్క సలహా, కదలిక శాతం చూసి ఆగిపోకు, గుడ్డు పగలగొట్టి నిండిందో లేదో చూసిన లెక్కే లెక్క.

ప్ర: వాట్సాప్ గ్రూపులో ఒకరు "జాతి పుంజు స్ట్రాలు, నైట్రోజన్‌లో ఉన్నాయి, కొరియర్‌లో పంపిస్తాం" అని పెట్టారు. తీసుకోవచ్చా?

జ: వద్దు. పైన చదివారుగా. కొరియర్ పెట్టెలో థర్మోకోల్, ఐసు ప్యాకు మధ్య వచ్చే స్ట్రా మీ చేతికి అందేసరికి కరిగి ఉంటుంది, ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించినా వృథా. పుంజు ఏదో, దానికి ఏ రోగాలున్నాయో ఎవరికి తెలుసు? సాల్మొనెల్లా, మైకోప్లాస్మా లాంటివి వీర్యంతో కూడా వస్తాయి, చలి వాటిని చంపదు, భద్రంగా దాచిపెడుతుంది. ప్రపంచంలో సీమకోళ్ల (టర్కీ కోళ్ల) పరిశ్రమ దాదాపు మొత్తం కృత్రిమ గర్భోత్పత్తి మీదే నడుస్తుంది, రొమ్ము బరువుకి ఆ పుంజులు పెట్టల్ని తొక్కలేవు. డబ్బుకి కొదవలేని అలాంటి పరిశ్రమే ఈ రోజుకీ తాజా వీర్యమో, చల్లబరచి అదే రోజు వాడేదో తప్ప గడ్డకట్టించినది వాడటం లేదు.

ప్ర: మేం కొందరు మిత్రులం కలిసి అసలైన అసీల్ జాతి కోళ్ల రంగులు పోకుండా కాపాడాలనుకుంటున్నాం. కాకి, సేతువు, పర్ల, నెమలి ఒక్కోదానికి ఒక మేలైన పుంజుని ఎంచి, వీర్యం జీన్ బ్యాంకులో పెట్టిస్తే జాతి భద్రమే కదా? (కాకినాడ)

జ: ఆలోచన బాగుంది, సగమే బాగుంది. పక్షుల్లో లింగం లెక్క మనకి తిరగబడి ఉంటుంది. మనలో మగవాడికి రెండు రకాల క్రోమోజోములు, కోడిలో పెట్టకి. పుంజు దగ్గర జెడ్ క్రోమోజోములు రెండు, పెట్ట దగ్గర ఒక జెడ్, ఒక డబ్ల్యూ. అంటే ఎన్ని లీటర్ల వీర్యం దాచినా డబ్ల్యూ అందులో ఉండదు. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) కూడా ఉండదు. రేపు అసీల్ పెట్టలన్నీ పోయి వీర్యం మాత్రమే మిగిలిందనుకోండి, ఏదో నాటు పెట్ట మీద మొదలుపెట్టాలి. పిల్లల్లో 50 శాతం, వాటి ఆడపిల్లల మీద మళ్లీ అదే వీర్యం పెడితే 75, తర్వాత 87.5, ఆ తర్వాత 93.75... ఇలా ఆరేడు తరాలు పోయినా ఆ డబ్ల్యూ మాత్రం మొదటి నాటు పెట్టదే. గేదెలో పిండాన్ని గడ్డకట్టించినట్టు కోడి గుడ్డుని గడ్డకట్టించలేం, అంత పచ్చసొనతో అది కుదరని పని. అందుకే ఎడిన్‌బరాలోని రోస్లిన్ సంస్థ లాంటి చోట్ల పిండం దశలోనే రక్తంలోంచి బీజకణాల్ని తీసి దాచే పద్ధతి మీద పడ్డారు. మన దగ్గర దేశవాళీ జాతుల నమోదు, భద్రత చూసే జాతీయ సంస్థ కర్నాల్‌లో ఉంది, మాట్లాడాలంటే వాళ్లతో మాట్లాడండి.

నాకు అంతకన్నా భయమైనది "రంగుకి ఒక మేలైన పుంజు" అన్న మాట. వీర్యం చేత్తో పెట్టడం వచ్చాక ఒక్క పుంజుతో 40 పెట్టల్ని నింపడం తేలిక. అలా చేస్తే మీ మందలో 41 కోళ్లు కనిపిస్తాయి, రక్తం లెక్కన అది నాలుగు కోళ్ల మందతో సమానం (మగ, ఆడ సంఖ్యల్ని గుణించి నాలుగు పెట్టి, మొత్తంతో భాగించండి, వచ్చేది 3.9). రెండు మూడు తరాల్లో అన్నీ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల సంబంధాలే అయి, గుడ్లు పొదగవు, పిల్లలు నిలవవు. అప్పుడు తప్పు తెగులు మీదకి తోస్తారు. రంగుకి ఒకటి కాదు, ఎనిమిదో పదో పుంజులు పెట్టుకోండి, వేరు వేరు ఊళ్లవి, వేరు వేరు ఇళ్లవి. ఏ పుంజు వీర్యం ఏ పెట్టకి పెట్టారో నోటుపుస్తకంలో రాయండి, కాలికి నంబరు రింగు వేయండి. పది ఇళ్లలో తలా కొన్ని బతికున్న కోళ్లు ఉంటే ఒక ఇంటికి తెగులు వచ్చినా మిగతావి ఉంటాయి. ఆ తర్వాత జీన్ బ్యాంకు అదనపు భద్రత కింద పనికొస్తుంది.

ప్ర: నేను డాలస్‌లో ఉంటాను. ఊరి నుంచి మా నాన్నగారి పుంజు వీర్యం తెప్పించుకునే దారి ఉందా?

జ: సూట్‌కేస్‌లో మాత్రం వద్దు బాబూ. పక్షి జ్వరం, కొక్కెర తెగులు ఉన్న దేశాల నుంచి కోడికి సంబంధించినది ఏది వచ్చినా అక్కడి వ్యవసాయ శాఖ అనుమతి, ఇక్కడి పశు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కదలదు, పట్టుకుంటే పారేయడమే కాదు, జరిమానా కూడా. ఇండియా వచ్చే వైపు కూడా అంతే. అక్కడే అసీల్ పెంచేవాళ్లు ఉన్నారు, పెట్టలు వాళ్ల దగ్గరే వెతుక్కోండి.

ప్ర: మాటిమాటికి వీర్యం తీస్తే పుంజు నీరసపడిపోతుందా? మా అమ్మ తిడుతోంది.

జ: రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లకి మించకుండా తీస్తే ఏమీ కాదు. అంతకంటే ఎక్కువ తీస్తే పుంజుకి కాదు, వీర్యానికే నష్టం, పల్చబడి కణాలు తగ్గిపోతాయి. తీసే రోజుల్లో మేతలో మాంసకృత్తులు తగ్గకుండా చూడండి, ఎండాకాలం మధ్యాహ్నాలు నీడలో ఉంచి చల్లటి నీళ్లు పెట్టండి. మన మే నెల ఎండకి వీర్యం చిక్కదనం తగ్గడం మామూలే, అప్పుడు తీయడం తగ్గించి జూన్ చివర్లో వానలు పడ్డాక మళ్లీ మొదలుపెట్టండి. అమ్మగారికి ఈ జవాబు చూపించండి.